నాలుగు దాటాక

గవర్నరు కార్యాలయంలో రేపు అనేది సాయంత్రం నాలుగింటికే మొదలవుతుంది. బయట ఎండ ఎండలాగే ఉంటుంది, వీధిలో బస్సులు తిరుగుతూనే ఉంటాయి. కింది అంతస్తులో, బయటినుంచి వచ్చే కాగితాలు తీసుకునే ఇన్‌వర్డు కిటికీ వెనక కూర్చున్న పెద్దమనిషి మాత్రం తేదీ ముద్ర చేతిలోకి తీసుకుని, దాని పక్కనున్న చిన్న చక్రాన్ని బొటనవేలితో ఒక్క గీత ముందుకు తిప్పుతాడు. ఆ తర్వాత ఎవరు ఏ కాగితం తెచ్చినా దాని మీద పడేది రేపటి తేదీయే. ఇదేం రూలయ్యా అంటే, ఎక్కడా రాసి లేదు. నాలుగింటికి పై అంతస్తులకు కాగితాలు మోసే మనిషి ఇంటికి పోతాడు. ఆ తర్వాత వచ్చినవి ఒక పూట నిలవున్నట్టు రికార్డులో కనపడితే పైవాళ్ళు సంజాయిషీ అడుగుతారు. అందుకని పాతికేళ్ళ కిందట ఎవరో సూపరింటెండెంటు ఈ ఉపాయం కనిపెట్టాడు. ఆయన పోయాడు. ఉపాయం మిగిలింది.

ముద్ర వేసే ఈయన్ని ఆఫీసంతా గడియారం బాబాయ్ అంటారు. ఇరవై ఆరేళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ. ఒకరి జోలికి పోడు, ఒకరిని తన జోలికి రానివ్వడు. కడుపులో చల్ల కదలకుండా బతకడం ఎలాగో నేర్చుకోవాలంటే ఆయన దగ్గరే నేర్చుకోవాలి. నాలుగింటికి చక్రం తిప్పడం, టీ తెప్పించుకోవడం, అక్కకు ఫోన్ చేయడం. ఈ మూడూ వరస తప్పేవి కావు.

అక్క అంటే ఆయనకు అమ్మ కిందే లెక్క. తల్లి పోయేనాటికి ఆయనకు ఆరేళ్ళు, అక్కకు పదిహేను. నూలు మిల్లులో చేరి తమ్ముణ్ణి చదివించింది. ఆ దూది దుమ్మంతా ముప్పై ఏళ్ళు పీల్చి, చివరికి ఊపిరితిత్తుల ఆసుపత్రిలో పడింది. నాలుగేళ్ళుగా ముక్కుకి గొట్టంతో అక్కడే ఉంటోంది. మంచం పట్టినా మొండితనం ఎక్కడికీ పోలేదు. నర్సు ఒక మాత్ర రంగు మార్చి ఇస్తే ఎందుకు మారిందో చెప్పేదాకా నోరు తెరిచేది కాదు. ఆమెకు ఒక్కతే కూతురు. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. గడియారం బాబాయికి భార్య పోయి ఎనిమిదేళ్ళు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆ అక్క, ఈ మేనకోడలు. ఆయన ముక్కు మీది కళ్ళద్దాలు కూడా మేనకోడలు తన చేత్తో చేసిచ్చినవే.

ఇక గవర్నరు సంగతి. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. వచ్చిన ఏడాదిలోనే ఎన్నికైన పురపాలక సంఘాలను రద్దు చేశాడు. గ్రంథాలయాలకు తాళాలు వేయించాడు. ప్రభుత్వ కార్యాలయాల ముందు అయిదుగురికి మించి నిలబడకూడదన్నాడు. ఆ ఆర్డరు వెలువడ్డ మర్నాడే ఆరువేలమంది వచ్చి నిలబడ్డారు. శాసనసభలో ఆయన దిగిపోవాలని తీర్మానం పెడితే సొంత పార్టీవాళ్ళే తొమ్మిదిమంది చెయ్యెత్తారు. లాయర్లకు తిండి తినే తీరిక లేదు. ఆయన ఆర్డరు వెయ్యడం, కోర్టు స్టే ఇవ్వడం. మూడు నెలల్లో పదకొండు స్టేలు. కోర్టు కవర్ల కోసం గడియారం బాబాయ్ విడిగా ఒక వైరు బుట్ట పెట్టుకోవలసి వచ్చింది. ఆ కవర్లు విప్పే అధికారం ఆయనకు లేదు. మీద ముద్ర వెయ్యాలి, రిజిస్టరులో ఎక్కించాలి, పైన లా ఆఫీసరుకి పంపాలి. లోపల ఏముందో ఆయనకి అనవసరం.

ఆ వరసలో వచ్చిందే ఆసుపత్రి ఆర్డరు. ఊపిరితిత్తుల ఆసుపత్రి స్థలంలో సచివాలయానికి కొత్త భవనం కట్టాలట. రోగులను అయిదు గంటల దూరంలో ఉన్న మరో ఊరి ఆసుపత్రికి తరలించాలట. గొట్టాల మీద బతికేవాళ్ళు అంత దూరం ప్రయాణం చెయ్యలేరని డాక్టర్లు రాసిచ్చారు. డాక్టర్లను బదిలీ చేశారు. నర్సుల సంఘం కోర్టుకెక్కింది. కోర్టుకెక్కారని తెలియగానే, పదిహేనో తేదీన జరగాల్సిన తరలింపును పన్నెండో తేదీ తెల్లవారుజాముకి ముందుకు జరిపారు.

పదకొండో తేదీ పొద్దున జడ్జి కేసు విన్నారు. ప్రభుత్వ ప్లీడరు ఒంట్లో బాగాలేదని చీటీ పంపి ఊరుకున్నాడు. లాయర్లంతా వెళ్ళిపోయాక, సాయంత్రం మూడున్నర దాటాక జడ్జి తన గదిలో స్టే మీద సంతకం పెట్టి, ముందు ఆపవలసినవాళ్ళకి పంపండి, మిగతావాళ్ళ కాపీలు రేపు చూద్దాం అన్నారు. కోర్టు బంట్రోతు ఆ కవరు పట్టుకుని సైకిలెక్కాడు. నలభై దాటిన మనిషి, ఒక మోకాలు సరిగ్గా వంగదు. గవర్నరు కార్యాలయం కిటికీ దగ్గరకు చేరేసరికి నాలుగూ పది.

గడియారం బాబాయ్ కవరు మీద ముద్ర వేశాడు. బంట్రోతు చేతిలోని రసీదు మీద కూడా వేశాడు. బంట్రోతు దాన్ని వెలుగులోకి పెట్టి చూశాడు.

"అయ్యా, పన్నెండు పడింది. ఇవాళ పదకొండు కదా."

"నాలుగు దాటింది. మా దగ్గర అంతే."

"అర్జంటని రాశారండీ దీని మీద."

"అర్జంటు కాని కవరు మీ కోర్టు నుంచి ఎప్పుడైనా వచ్చిందా నాయనా?" అన్నాడు గడియారం బాబాయ్. నిజమే, అన్నిటి మీదా అదే రాసుండేది. బంట్రోతుకు కూడా నవ్వొచ్చింది. రసీదు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. కవరు బుట్టలో పడింది. టీ వచ్చింది.

నాలుగూ ఇరవైకి పైనుంచి లా ఆఫీసరు ఫోన్ చేశాడు. "బాబాయ్, కోర్టు నుంచి ఏమైనా వచ్చాయా?"

"నాలుగు దాటాక ఒకటొచ్చిందండీ. రేపటి తేదీ వేశాను."

"మంచిపని చేశారు," అన్నాడు లా ఆఫీసరు. "రేపే పంపండి, తొందరేం లేదు."

ఇరవై ఆరేళ్ళలో పై అంతస్తు నుంచి మంచిపని చేశారన్న మాట రావడం అదే మొదటిసారి. గడియారం బాబాయికి సంతోషమేసింది. ఆ సంతోషంతోనే అక్కకు ఫోన్ చేశాడు. అక్కాతమ్ముళ్ళు ఏం మాట్లాడుకున్నారో ఆయన తర్వాత చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆయన చెప్పేదాకా మనమూ ఆగుదాం.

మర్నాడు తెల్లారకముందే ఆసుపత్రి ముందు నాలుగు బస్సులు ఆగాయి. మామూలు బస్సులే, సీట్లు పీకి పరుపులు వేశారు. సిలిండర్లు మూడు గంటలకు సరిపడా ఉన్నాయి. దారి అయిదు గంటలు. ఈ కూడికా తీసివేతా చెయ్యడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు, కానీ చేసినవాడు లేడు. పదిన్నరకు కవరు పైకి వెళ్ళి, లా ఆఫీసరు దాన్ని విప్పి, అయ్యో అనేసరికి బస్సులు ఆ ఊరు చేరిపోయాయి. దారిలో నలుగురు పోయారు. అక్క రెండో మనిషి.

కర్మకాండంతా మేనకోడలు చేతుల మీదే జరిగింది. గడియారం బాబాయ్ ఒక మూల కూర్చుని అందరికంటే ఎక్కువ ఏడ్చాడు. మేనకోడలే ఆయన్ని ఓదార్చింది. అప్పటికింకా ఆయనకు అసలు సంగతి తెలియదు. కర్మ ముగిసి ఆఫీసుకొచ్చిన రోజు పేపర్లో చదివాడు. స్టే పదకొండో తేదీ సాయంత్రమే ఇచ్చామని కోర్టు, పన్నెండో తేదీ పదింటికి గానీ మాకు చేరలేదని గవర్నరు కార్యాలయం. పేపరు కింద పెట్టి రిజిస్టరు తీశాడు. వరసలో పన్నెండో తేదీ మొదటి కవరు. తన చేతిరాతే. తన ముద్రే. ఆ రోజు నాలుగింటికి ఆయన చక్రం తిప్పలేకపోయాడు.

నర్సుల సంఘం కోర్టు ధిక్కారం కేసు వేసింది. చనిపోయినవాళ్ళ తరఫున మేనకోడలు కూడా అందులో చేరింది. ఊళ్ళో ఊరేగింపులు, గోడల మీద నలుగురి ఫొటోలు. ప్రతిపక్షం వాళ్ళు రోజూ వచ్చి ఆమె చేత మైకులో మాట్లాడించేవారు. ఆమెకు వాళ్ళ రాజకీయాలు పట్టవు. ఒక్కటే కావాలి, ఆ కాగితం ఎప్పుడొచ్చిందో తేలాలి.

ఒక ఆదివారం మేనమామ ఇంటికి వచ్చి, ఆయన కళ్ళద్దాలు తీసుకుని, వదులైన మరలు బిగిస్తూ కూర్చుంది. చిన్న స్క్రూడ్రైవరు ఎప్పుడూ సంచిలోనే ఉంటుంది.

"మామయ్యా, నువ్వు ఆ ఆఫీసులోనే ఉంటావు. కవరు ఎప్పుడొచ్చిందో అక్కడ ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది కదా."

"బోలెడు కవర్లొస్తాయమ్మాయ్," అన్నాడాయన.

"బంట్రోతు పదకొండునే ఇచ్చానంటున్నాడు. అతని రసీదు మీద మాత్రం పన్నెండు ఉంది. కవరు ఇంటికి పట్టుకుపోయి పడుకుని, మర్నాడు ఇచ్చాడని సస్పెండ్ చేశారు. వాళ్ళావిడ నిన్న నా దగ్గరికొచ్చి కాళ్ళు పట్టుకోబోయింది, మా ఆయన అలాంటివాడు కాదమ్మా అని. నాకేమో అతన్ని చూస్తే చంపెయ్యాలనిపిస్తుంది. ఎందుకో నమ్మాలనీ అనిపిస్తుంది."

ఆయన నీళ్ళు తాగాడు. గ్లాసు ఖాళీ అయినా పెదవుల దగ్గరే పట్టుకున్నాడు.

"ఇంకొకటి నాకు అర్థం కాదు మామయ్యా," అంది ఆమె అద్దాలు తుడుస్తూ. "అమ్మ మొండి కదా. స్టే వస్తుంది, వచ్చేదాకా మంచం దిగనని నాతో ఒట్టేసి చెప్పింది. మిగతావాళ్ళు కూడా అమ్మనే చూసుకుని కూర్చున్నారట. తెల్లారి బస్సు రాగానే అందరికంటే ముందు అమ్మే ఎక్కిందని నర్సు చెప్పింది. పదండి, ఇక లాభం లేదు అని మిగతావాళ్ళని కూడా లేపిందట. మా అమ్మేనా అనిపిస్తుంది."

కళ్ళద్దాలు ఆయన ముక్కు మీద తనే పెట్టి, చెవుల వెనక సరిచేసి, "ఇప్పుడు బిగుతుగా ఉన్నాయి," అంది.

చెప్పేస్తే బాగుండేది. ఆ క్షణంలో చెప్పేసినవాడు మనిషి. గడియారం బాబాయ్ నోరు తెరిచాడు కూడా. ఎదురుగా అక్క కళ్ళే ఉన్నాయి, అక్క గడ్డమే ఉంది. ఈ పిల్ల కూడా పోతే ఈ భూమ్మీద తనని మామయ్యా అని పిలిచే దిక్కు లేదు. నోరు మూసుకున్నాడు.

విచారణకు ఆయన్ని సాక్షిగా పిలిచారు, ముద్ర తనదేనని చెప్పడానికి. ముందురోజు లా ఆఫీసరు తన గదికి పిలిపించి కుర్చీ వేయించాడు. అదీ ఇరవై ఆరేళ్ళలో మొదటిసారే.

"మీరు చెప్పాల్సింది రెండు ముక్కలు బాబాయ్. ముద్ర నాది. తేదీ పన్నెండు. రెండూ నిజాలే కదా."

"కవరు పదకొండున వచ్చిందండీ. మీకు ఫోన్‌లో చెప్పాను."

"ఏ ఫోను?" అన్నాడు లా ఆఫీసరు, పేపరు వెయిటు తిప్పుతూ. గొంతు చాలా మర్యాదగా ఉంది. "చూడండి. పన్నెండు అంటే ఎవరి తప్పూ లేదు. పదకొండు అంటే ఎవరు దొరుకుతారు? గవర్నరు గారు దొరుకుతారనుకుంటున్నారా? నాలుగు ప్రాణాల కాగితాన్ని బుట్టలో పడేసి టీ తాగిన గుమాస్తా దొరుకుతాడు. ఆ నలుగురిలో మీ అక్కగారు కూడా ఉన్నారట. నాకు నిన్ననే తెలిసింది. చాలా బాధపడ్డాను. మీ మేనకోడలికి తెలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించుకోండి."

అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా అయింది ఆయన పని. వాడు చెప్పిందాంట్లో అబద్ధం లేదు, అదే దరిద్రం. మెట్లు దిగుతుంటే గేటు దగ్గర బంట్రోతు కనిపించాడు. లోపలికి రానివ్వకపోతే బయట గోడకి ఆనుకుని నిలబడ్డాడు, వంగని మోకాలు చాపుకుని. తిడతాడనుకున్నాడు. అతను తిట్టలేదు.

"అయ్యా, మీరు అన్నమాట గుర్తుందా? అర్జంటు కాని కవరు ఎప్పుడొచ్చిందీ అన్నారు. నేను నవ్వాను. ఇంటికెళ్ళి మా ఆవిడకి కూడా చెప్పి నవ్వించాను," అన్నాడు. "ఇప్పుడది తలుచుకుంటే నాకు నిద్ర పట్టట్లేదు. మీకు పడుతోందా?"

గడియారం బాబాయ్ తల దించుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు. పిరికితనమే, ఇంకో పేరు లేదు దానికి.

మర్నాడు కోర్టు హాలు కిక్కిరిసింది. ముందు వరసలో మేనకోడలు, ఒళ్ళో తల్లి ఫొటో. వెనక నర్సులు, పార్టీలవాళ్ళు, పేపర్లవాళ్ళు. ప్రభుత్వ ప్లీడరుకి ఈసారి ఒంట్లో బాగానే ఉంది. రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టాడు.

"ఈ ముద్ర మీరు వేసిందేనా?"

ఆయన కళ్ళద్దాలు సరిచేసుకున్నాడు. మరలు బిగుతుగా ఉన్నాయి. అక్షరం అక్షరం స్పష్టంగా కనిపించింది. "నేనేనండీ."

"తేదీ ఎంతుంది?"

"పన్నెండు."

"ఇక చాలు, వెళ్ళొచ్చు," అన్నాడు ప్లీడరు.

ఆయన బోను దిగలేదు. దాని కమ్మీని రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయాడు. ఏమైంది, ఒంట్లో బాగాలేదా అని జడ్జి అడిగారు.

"ముద్ర పన్నెండోదండీ," అన్నాడు గడియారం బాబాయ్. "కవరు పదకొండోది."

ఆ తర్వాత ఆపినా ఆగలేదు. చక్రం ఎలా తిప్పుతాడో చెయ్యి గాల్లో తిప్పి చూపించాడు. నాలుగూ పదికి బంట్రోతు ఏమన్నాడో, తనేమన్నాడో చెప్పాడు. లా ఆఫీసరు ఫోనూ, మంచిపని చేశారన్న మాటా చెప్పాడు. దానికి రుజువేమిటని ప్లీడరు లేచి అరిచాడు. రుజువు లేదన్నాడు. అంటే మీ అక్కగారి ప్రాణం మీ బుట్టలోనే ఉందన్నమాట, మీరు టీ తాగుతున్నారన్నమాట అన్నాడు ప్లీడరు. అవునండీ అన్నాడు. ఆయన ముందు వరసకేసి చూడలేదు. చూసే ధైర్యం లేదు.

జడ్జి అంతా రాయించుకున్నారు. బంట్రోతును పనిలోకి తీసుకోమన్నారు. లా ఆఫీసరును హాజరు కమ్మన్నారు. మధ్యాహ్నం వార్తల్లోనే గవర్నరు ప్రకటన వచ్చేసింది: ఒక చిన్న ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల నాలుగు నిండు ప్రాణాలు పోయాయి, బాధ్యుణ్ణి సస్పెండ్ చేశాం, ఇకపై నాలుగు దాటాక వచ్చిన కాగితాలకు ఏ రోజు ముద్ర ఆ రోజే వెయ్యాలని ఆర్డరు ఇచ్చాం. ఆయన ఆర్డర్లలో కోర్టుకెక్కకుండా నిలిచింది బహుశా అదొక్కటే. లా ఆఫీసరు సెలవు పెట్టి ఎటో పోయాడు. కోర్టు మెట్ల దగ్గర ప్రతిపక్షం కుర్రకారు గడియారం బాబాయిని భుజాలకెత్తుకోబోయారు. వద్దు నాయనా అని చేతులు జోడించి, పక్క వరండాలోకి తప్పుకున్నాడు. అక్కడ బల్ల మీద మేనకోడలు ఒక్కతే కూర్చుని ఉంది.

ఆయన నిలబడ్డాడు. కూర్చోమని ఆమె అనలేదు. వెళ్ళమనీ అనలేదు. చెంపల మీద ఏడ్చిన జాడ లేదు.

"నాలుగూ ఇరవైకి ఆయనకి చెప్పావు," అంది, "కోర్టు నుంచి ఒకటొచ్చిందని."

"చెప్పాను."

"ఆ తర్వాతేగా నువ్వు రోజూ అమ్మకి ఫోన్ చేసేది?"

కోర్టులో ఎవరూ అడగని మాట అది. ప్లీడర్లకు తట్టలేదు, జడ్జికి తట్టలేదు. అద్దాలు అరగదీసే పిల్లకు తట్టింది.

"చేశాను తల్లీ."

"ఏమంది?"

"తెల్లారి బస్సులొస్తాయంటున్నార్రా తమ్ముడూ అంది. కోర్టు నుంచి మీకేమైనా వచ్చిందా, నువ్వు కిటికీ దగ్గరే కూర్చుంటావుగా, నీకు తెలియకుండా పోదుగా అంది."

"నువ్వేమన్నావు?"

ఇరవై ఆరేళ్ళ అలవాటు. నాలుగు దాటాక వచ్చింది ఆయన లెక్కలో రానట్టే. ఆఫీసు సంగతులు ఇంట్లోవాళ్ళకి చెప్పకూడదన్నది ఇంకో అలవాటు. బుట్టలో ఉన్న కవరు అక్కదే అయి ఉంటుందన్న ఆలోచన తట్టలేదంటే నమ్ముతారా? ఆయనే నమ్మలేకపోతున్నాడు. మోచేతి కిందే ఉంది బుట్ట.

"ఇవాళ ఏమీ రాలేదక్కా అన్నాను," అన్నాడు.

మేనకోడలు తలెత్తి ఆయన్ని చూసింది.

"అందుకా," అంది. "నీ మాట మీద అమ్మ ముందు ఎక్కింది."

ఫొటోని సంచిలో పెట్టుకుంది. లేచి, వరండా చివరి గుమ్మం దాటి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. గడియారం బాబాయ్ కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుని, ఆ బల్ల పక్కనే నిలబడ్డాడు. గేట్లు మూస్తున్నాం, వెళ్ళాలని కోర్టు జవాను వచ్చి రెండుసార్లు చెప్పాడు.